పొద్దుటి గడులు

చెన్నై కోడంబాక్కంలో ఒక డబ్బింగ్ స్టూడియోకి నేను షెడ్యూళ్లు చూసేదాన్ని. విజయవాడ నుంచి వచ్చిన రెండో ఏడు మూడు సీరియళ్లు ఒకేసారి నా నెత్తిన పడ్డాయి. రికార్డింగ్ గదిలో ఫోన్లు ఆపేయాలి కనుక పెద్ద ప్లానర్ ఒకటి కొన్నాను. మొదట రోజుకో పేజీ రాశాను. ఏ సీరియల్ ఎంతవరకు వచ్చిందో తెలిసేది కాదు. తర్వాత సీరియల్‌కో పేజీ పెట్టి, ఒకే ఆర్టిస్టును రెండు గదులకు ఒకే గంటకు పిలిచేశాను. చివరికి వారమంతా రెండు పేజీల్లో పరిచి, మనిషికో వరుస గీశాను. అది నిలిచింది.

పై వరుస, స్టూడియోలో అందరం అక్క అని పిలిచే పెద్ద ఆర్టిస్టుది. పురసవాక్కంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. పెద్ద సీరియల్‌లో అత్తగారికి ఆవిడే గొంతు. ఆ వేసవిలో ఆ గొంతు బొంగురుపోయింది.

"నాకు పొద్దున్నే వేసెయ్ మా. మధ్యాన్నానికి గొంతు పూడుకుపోతా ఉండాది," అంది.

ప్రతి గడినీ అడ్డంగా రెండు చేసి, పొద్దుటి సగం ఆవిడకే ఉంచాను. కొన్నాళ్లకు అదీ ఎక్కువైంది. గడులు ఇంకా చిన్నవి చేసి, సీనుకొకటి గీశాను. సీన్ల మధ్య అక్క నా పక్కన కూర్చుని వేణ్ణీళ్లు తాగుతూ చూసేది.

ఒకరోజు స్కేలు మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ఈడికి చాలు. ఆ పక్క గీయబాక. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేస్తారంట."

"ఇంకో డాక్టర్‌కి చూపించొచ్చు కదా అక్కా?"

"చూపించినా మా. ఎల్లారూ అదే చెప్పినారు. ఉండే సీన్లు తీసుకురా, చెప్పేస్తా."

ఆ వారం వీలైనన్ని చెప్పింది. ఆఖరి సీన్లో కోడల్ని తిట్టాలి. సగం మాట గాలిగా పోయింది. సౌండ్ ఇంజనీరు ఇంకోసారి అడగలేదు.

ఆ వరుసలో కొత్తమ్మాయి పేరు రాయమన్నాడు నిర్మాత. రాశాను. గొంతు మారిందని చూసేవాళ్లలో ఒక్కరూ అడగలేదు.

ఆపరేషన్ తర్వాత చూడ్డానికి వెళ్లాను. మెడకు గుడ్డ చుట్టుకుని అక్క ముందుగదిలో కూర్చుని ఉంది. టీవీలో మా సీరియలే వస్తోంది. అత్తగారు కొత్తమ్మాయి గొంతుతో ఏదో అంటే, పక్కన కూర్చున్న అక్క భర్త పకపకా నవ్వి, నవ్వు ఆపుకోలేక నా వైపు చూశాడు. అక్క లేచి, నాకు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.