దున్ననివ్వని చేను

మా పడమటి కాన్సస్‌లో ఎవరైనా మంచాన పడితే ఇరుగుపొరుగు రైతులు ట్రాక్టర్లు తోలుకొచ్చి వాళ్ల చేను పని చేసిపెడతారు. ఎవరూ అడగక్కర్లేదు. వద్దన్నవాళ్లు కూడా ఎవరూ లేరు, మా పిన్ని ఆల్టా తప్ప.

ఆమె కాలు విరిగి ఇంట్లో ఉంది, తోడుగా నేనున్నాను. చేలో కిందటి పంట గోధుమ కొయ్యకాళ్లు అలాగే నిలబడి ఉన్నాయి. గాలికి మన్ను లేవకుండా ఏటా కావాలనే వదిలేసేది. నల్లగా, నున్నగా దున్నిందే మంచి రైతు చేను అని మావాళ్ల లెక్క. ఆదివారం చర్చి నుంచి వస్తూ జనం అక్కడ కారు నెమ్మది చేసి మరీ నవ్వుకునేవారు.

ఒక పొద్దున ట్రాక్టర్ల చప్పుడు వినగానే పిన్ని చంకకర్రల మీద కుంటుతూ వెళ్లింది. నాచేత వంటింటి కుర్చీ మోయించి, ముందున్న ట్రాక్టరుకు అడ్డంగా వేయించుకుని కూర్చుంది.

"లే ఆల్టా. సాయం చేద్దామనే కదా వచ్చాం," అన్నాడు పక్క చేను ఆర్విల్.

"నా చేను ఒంటిమీద బట్ట లాగేయడం సాయమా? నాగలి ఎత్తుకుని ఇంటికి పో."

"ఊరంతా నవ్వుతోంది."

"నవ్వనీ. గాలి లేస్తే నోళ్లు వాళ్లే మూసుకుంటారు."

వాళ్లు ముఖాలు మాడ్చుకుని పోయారు.

వారం తిరక్కుండా పెనుగాలి లేచింది. దుమ్ము కమ్మేసి మిట్టమధ్యాహ్నం దీపాలు వేసుకున్నాం. తగ్గాక చూస్తే పిన్ని చేను చెక్కుచెదరలేదు. ఆర్విల్ దున్నుకున్న నల్లమన్ను మాత్రం మా వరండాలో మేటవేసింది. పిన్ని ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో చీపురు పట్టి అంతా ఊడ్చి, అతనికి ఫోన్ చేసింది.

"నీ చేను మా వరండాలో ఉంది. కుప్పపోసి పెట్టాను, ట్రాక్టరు తెచ్చుకుని పట్టుకుపో."