జింజ్‌లో ఆయన వార్డు

మా కౌన్సిలర్ గారు పోయారని సోమవారం పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే ఆయన రూమ్మేటు చెప్పాడు. "నిద్దర్లోనే పోయారండి" అన్నాడు. నాకు ముందు దుఃఖం రాలేదు. ఇక ఈ బిల్డింగులో అందరూ నా దగ్గరికే రావాలి కదా అనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. ఆయన గురించి అబద్ధం రాయడం ఇంకా సిగ్గు.

ఆయన గోదావరి పక్క ఒక చిన్న మున్సిపాలిటీలో రెండుసార్లు కౌన్సిలరుగా గెలిచి, మూడోసారి ఓడిపోయి, ఇల్లు గడవక బహ్రెయిన్ వచ్చారు. మహూజ్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు పని. ఉండేది మాత్రం జింజ్‌లో, మా బిల్డింగులోనే. శుక్రవారం పొద్దున్నే నాలుగంతస్తులూ తిరిగి ప్రతి తలుపూ తట్టి, "నీళ్లొస్తున్నాయా అమ్మా?" అని అడిగేవారు. ఇక్కడ నీళ్లకేం లోటు? అయినా ఆ ఒక్క ప్రశ్నకి జీతం రాలేదనీ, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సెలవివ్వట్లేదనీ అన్నీ బయటికొచ్చేవి. ఇరవయ్యేళ్లుగా ఆఫీసులో పనిచేస్తున్నాను, ఇంగ్లిషు బాగా వచ్చు, నన్ను పలకరించి ఒక్క కష్టం చెప్పుకున్నవాడు లేడు. కడుపు మండిపోయేది.

ఒకసారి మూడో అంతస్తు వంటమనిషి పాస్‌పోర్టు కఫీల్ ఇవ్వనన్నాడు. నేనే ఎగబడి రెండు పేజీల అర్జీ టైపు చేసి, కింద నా పేరూ ఉద్యోగమూ పెట్టాను. "మధ్యలో ఇతనెవడు? ఖలాస్" అని కఫీల్ మండిపడ్డాడు. కౌన్సిలర్ గారు ఉత్తచేతుల్తో వెళ్లి, ఆ ఇంట్లో అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్‌లో రెండు గంటలు కూర్చుని, కాఫీ తాగి, కఫీల్ తల్లి మోకాళ్ల నొప్పులు కనుక్కుని, పాస్‌పోర్టుతో వచ్చారు.

"ముందు మనిషెళ్లాలండి. కాగితం తర్వాత" అన్నారు నాతో, ఎవరూ వినకుండా. నా పరువు కాపాడినందుకు కూడా ఆయనంటే ఒళ్లు మండింది.

ఆయన పోయాక వచ్చిన మొదటి శుక్రవారం నా తలుపు చప్పుడైంది. జల్లాఖ్‌లో ఇంటిపని చేసే ఒకావిడ. ఇన్నాళ్లకి వచ్చారని పొంగిపోయి కుర్చీ వేశాను.

"నా గురించి ఎవరు చెప్పారమ్మా?"

"కౌన్సిలర్ గారేనండి. పోయిన నెల్లోనే చెప్పారు. తనకేమన్నా అయితే మీ దగ్గరికెళ్లమన్నారు. రాతపనిలో మీ అంతోరు లేరంట."

పోయాక కూడా నన్ను సొంతంగా గెలవనివ్వలేదు ఈ మనిషి.

ఆవిడ పర్సులోంచి ఒక చీటీ తీసి నా చేతిలో పెట్టింది. ఆయన వంకర రాత. నా ఫ్లాటు నంబరు, దాని కింద నా పేరు. పేరు పక్కన "గారు" అని, మిగతా అక్షరాలకంటే పెద్దగా.