ఎర్రదారంతో కుట్టిన గుండీ

దయ్యాలు, జోస్యాలు, కలలో కనబడి చెప్పడాలు నాకు ఎప్పుడూ గిట్టేవి కావు. మా నాన్న రేపల్లెలో బడిపంతులు, చర్చిలో సంఘపెద్ద. చీకట్లో ఏదో కనబడిందని ఎవరైనా వచ్చి చెబితే, లాంతరు పట్టుకుని వాళ్ళనే వెంటబెట్టుకు వెళ్ళి అది తాటిమట్టో, గేదో చూపించి వచ్చేవాడు. అలాంటి ఇంట్లో పెరిగాను. పెళ్ళయి తెనాలి వచ్చాక ఆడపిల్లల బడిలో ఇరవై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పాను. ఇప్పుడు రాయబోయేది ఇంకొకరి నోట వింటే నేనే నమ్మను.

తొంభై మూడులో జరిగింది. మా అక్క సునంద ఇంగ్లండులో నర్సుగా పనిచేసి ఆ ఏడే రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. పెద్ద ఓడలో సముద్రం మీద పన్నెండు రోజులు తిరిగి రావాలని దానికి ఎప్పటినుంచో కోరిక. నన్నూ రమ్మని ఉత్తరం రాసింది. ఖర్చంతా తనదే. చివర్లో ఒక హెచ్చరిక కూడా రాసింది. ఆ ఓడలో ఇంకా పాతకాలపు మర్యాదలే నడుస్తాయట. రోజూ సాయంత్రం అదే బల్ల, అదే కుర్చీ, అదే మనుషులు. అందులో రెండు సాయంత్రాలు మరీ దర్జా. మగవాళ్ళు నల్లకోటు, మెడకి బో కట్టుకుని రావాలి. "నువ్వు నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యకుండా బాపట్ల వెళ్ళి దేవదానం బాబాయి దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకో" అని రాసింది.

దేవదానం బాబాయి మా నాన్నకి పినతండ్రి కొడుకు. ముప్పయ్యేళ్ళు ఓడల్లో వడ్డన చేసి, హెడ్ వెయిటర్‌గా రిటైరై బాపట్లలో స్థిరపడ్డాడు. అప్పటికే ఆయనకి మతి జారిపోతోంది. పొద్దున టిఫిన్ తిన్నాడో లేదో గుర్తుండేది కాదు. కానీ సాయంత్రమయ్యేసరికి వరండాలో బల్ల మీద తెల్లదుప్పటి పరిచి, ట్రంకుపెట్టెలోంచి తన చెంచాలూ ఫోర్కులూ తీసి ఆరుగురికి సర్దేవాడు. మళ్ళీ తీసి తుడిచి పెట్టేవాడు. రూతు పిన్ని అలవాటుపడిపోయింది. "ఇవాళ ఎవరొస్తున్నారండీ భోజనానికి?" అని అడిగేది. ఆయన "రానీ, చూద్దాం" అనేవాడు.

శనివారాలు ఒంటిపూట బడి. బడి నుంచి నేరుగా స్టేషనుకి వెళ్ళి పాసింజరు ఎక్కేదాన్ని. బాపట్లలో దిగేసరికి గాలి సముద్రం వైపు నుంచి తిరిగేది. నాలుగు వారాలు అలా వెళ్ళాను. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ఇప్పటికీ నిద్రలో గడిపినట్టే ఉంటుంది. తెల్లదుప్పటి అంచులు గాలికి లేస్తూ ఉండేవి. బాబాయి చేతి మీద తువ్వాలు వేసుకుని నా కుర్చీ వెనక నిలబడేవాడు. ఓడ మాట ఎత్తగానే ఆయన నడుం నిటారుగా అయ్యేది.

"బయట ఉన్న చెంచా ముందు తియ్యాలమ్మాయ్. ప్లేటు మారినప్పుడల్లా ఒక్కటొక్కటిగా లోపలికి రా. సూప్ ఊదకూడదు. చెంచా నీ వైపు లాక్కోకు, అవతలికి తొయ్యి. రొట్టె మటుకు కత్తితో కొయ్యకు. చేత్తో తుంచుకోవాలి."

"అదొక్కటీ వచ్చు బాబాయ్" అన్నాను.

ఆయన నవ్వలేదు. వడ్డన వేళ ఆయన నవ్వడు.

చెప్పినవన్నీ ఒక నోటుపుస్తకంలో అంకెలు వేసి రాసుకున్నాను. లెక్కల టీచర్ని కదా. దర్జా సాయంత్రాలకి పట్టుచీరే కట్టుకోవాలి, ఏ గౌనూ దానికి సాటిరాదు. కెప్టెన్ దగ్గరికి వరసలో వెళ్ళినప్పుడు పక్కనున్న ఆఫీసరుకి మన పేరు స్పష్టంగా చెప్పాలి. కడుపులో తిప్పితే పడుకోకూడదు, పైకి వెళ్ళి సముద్రం అంచు చూస్తూ ఎండు బిస్కత్తులు నమలాలి. ఆఖరి రాత్రి పెట్టెలన్నీ గది బయట పెట్టేస్తారు, మర్నాటికి ఒక చీర విడిగా ఉంచుకోకపోతే నైటీతోనే దిగాలి. మన గది సర్దినవాడికీ, వడ్డించినవాడికీ ఆఖరి రోజున కవరు పెట్టి, పేరు పెట్టి పిలిచి చేతికివ్వాలి. ఇలా ముప్పై దాకా వచ్చాయి.

మూడో శనివారం ఆయన ఖాళీ కుర్చీలు చూపించడం మొదలుపెట్టాడు.

"నీ ఎడమ పక్కన ఆకుపచ్చ గౌను ఆవిడ. ఆవిడకి కుడి చెవి వినపడదు. నీ వైపు ఉండేది అదే. ముందుకి వంగి మాట్లాడు." తర్వాత నాకెదురుగా ఉన్న కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. "ఇక్కడ తెల్లమీసాలాయన. ఒక్కడే వస్తాడు. ఆడవాళ్ళు వస్తే లేచి నిలబడతాడు. కోటుకి రెండో గుండీ ఎర్రదారంతో కుట్టుంటుంది. అది చూసి నవ్వకు."

"ఎర్రదారమేంటి బాబాయ్?"

"కుట్టిపెట్టేవాళ్ళు లేరమ్మా." కాసేపు ఆ కుర్చీకేసే చూశాడు. "రెండో దర్జా సాయంత్రానికి ఈ కుర్చీ ఖాళీగా ఉంటుంది. సూప్ వచ్చినా మొదలెట్టకు. మనిషిని పంపించు."

అది కూడా రాసుకున్నాను. ముప్పై ఒకటో అంకె. మతిలేని మాటని తెలుసు. అయినా కొట్టేస్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడని ఉంచేశాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

మే నెలలో ఇంగ్లండు వెళ్ళి, అక్కతో కలిసి ఓడ ఎక్కాను. అంత పెద్దది నీటి మీద కదులుతోందని తెలిసేది కాదు. రేవే మనల్ని వదిలి మెల్లగా వెనక్కి జరిగిపోతున్నట్టు అనిపించేది. ఆ దేశాల్లో వేసవిలో రాత్రి భోజనం వేళకి కూడా ఎండ ఉంటుంది. భోజనశాల కిటికీల్లోంచి నీళ్ళ మీది వెలుగు కప్పు మీద పడి ఆడుతూ ఉండేది. వందమందికి పైగా మనుషులున్నా ఎవరూ గట్టిగా మాట్లాడరు. చెంచాల చప్పుడు దూరంగా గొర్రెల మెడల్లో గంటల్లా వినిపించేది.

మాది ఆరుగురి బల్ల. మొదటి సాయంత్రం మేం వెళ్ళేసరికి నా కుర్చీకి ఎదురుగా తెల్లమీసాలాయన లేచి నిలబడ్డాడు. పేరు ఎల్లిస్. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడట. నా ఎడమ పక్కన ఒక ముసలావిడ. పలకరించాను. వినిపించుకోలేదు. ముందుకి వంగి మళ్ళీ పలకరించాను. ఆవిడ చక్కగా నవ్వి, కుడి చెవి పోయి చాలా ఏళ్ళయిందని చెప్పింది.

నాకేమీ అనిపించలేదు. ముసలివాళ్ళకి చెవుడు వింత కాదు.

మూడోనాడు మొదటి దర్జా సాయంత్రం. ఆవిడ ఆకుపచ్చ గౌనులో వచ్చింది. ఎల్లిస్ గారు నల్లకోటు వేసుకున్నారు. ఆయన కూర్చోబోతూ కోటు సర్దుకుంటుంటే చూశాను. రెండో గుండీకి ఎర్రదారం.

నా చూపు ఎక్కడుందో ఆయన గమనించారు. కొంచెం సిగ్గుపడి, పోయిన చలికాలంలో భార్య చనిపోయిందనీ, ఆవిడ కుట్టుపెట్టెలో తనకి కనబడింది ఆ దారం ఒక్కటేననీ చెప్పారు. ఈ ప్రయాణానికి ఇద్దరూ కలిసి రావాలనుకున్నారట. ఆవిడ మాట కోసం ఒక్కరే వచ్చారు.

గదిలోకి వెళ్ళగానే పుస్తకం తీసి అక్కకి చూపించాను. రెండుసార్లు చదివింది.

"ఇది ముసలాళ్ళ ఓడే. చెవుడూ తెల్లమీసాలూ ఏ బల్లకైనా ఉంటాయి" అంది.

"మరి దారం?"

"నువ్వే తర్వాత రాశావేమో."

"అక్కా, ఇది నా పేనా సిరా కాదు, బాపట్లలో పిన్ని ఇచ్చిన పెన్సిలు. అంతా ఒకటే రాత."

అక్క పుస్తకం మూసి నా చేతికిచ్చేసింది.

ఆ తర్వాత వారం రోజులు బాగానే గడిచాయి. ఎల్లిస్ గారు హుషారుగానే ఉండేవారు. పొద్దున పూట పైన కర్రకుర్చీల్లో దుప్పట్లు కప్పుకుని కూర్చుంటే, అక్కని ఆసుపత్రి కబుర్లు అడిగేవారు. నన్ను మన ఊళ్ళ గురించి అడిగితే, కృష్ణా కాలవలూ, పొలాల మధ్య రేపల్లె రైలూ చెప్పాను. కళ్ళు మూసుకుని వినేవారు. నేనూ ముప్పై ఒకటో అంకె మర్చిపోవడానికి ప్రయత్నించాను.

రెండో దర్జా సాయంత్రం వచ్చింది. మేం వెళ్ళేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

వెయిటర్‌ని అడిగాను. "సార్ విశ్రాంతి తీసుకుంటున్నారేమో మేడమ్. కొందరు ఇవాళ గదిలోనే భోంచేస్తారు" అన్నాడు. ఒకరు బల్లకి రాకపోతే ఆరా తియ్యడం అక్కడ మర్యాద కాదు. సూప్ వచ్చింది. అందరూ చెంచాలు తీశారు. నేనూ తీశాను. నా చెయ్యి ప్లేటు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

లేచి నిలబడ్డాను.

"కూర్చోవే, అందరూ చూస్తున్నారు" అంది అక్క తెలుగులో.

"ఆయన గదికి మనిషిని పంపాలి."

"ఏమని చెబుతావు? మా బాబాయి చెప్పాడనా?"

ఆ భోజనశాల పొడవునా పట్టుచీరలో ఒక్కదాన్నీ నడిచి హెడ్ వెయిటర్ దగ్గరికి వెళ్ళాను. ఎల్లిస్ గారి గది తలుపు తెరిచి చూడమన్నాను. ఆయన చాలా మర్యాదగా, కారణం చెప్పమన్నాడు. అప్పుడు అబద్ధమాడాను. మధ్యాహ్నం గుండెలో నొప్పిగా ఉందని మాతో అన్నారని చెప్పాను. నా నోటి నుంచి అంత తేలిగ్గా అబద్ధం ఎప్పుడూ రాలేదు. వెంటనే ఒకతను తాళంచెవి తీసుకుని బయల్దేరాడు. అతని వెనకే నేను, నా వెనక అక్క.

తట్టినా పలకలేదు. తలుపు తీసేసరికి ఆయన మంచం పక్కన నేల మీద పడి ఉన్నారు. నల్లకోటు ఒక చేతికి తొడుక్కుని, రెండో చెయ్యి తొడుక్కోబోతూ పడిపోయినట్టున్నారు. అక్క నన్ను పక్కకి తోసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. బో లాగేసింది. మెడ దగ్గర చెయ్యి పెట్టి, "ఉంది, నాడి ఉంది. డాక్టర్ని పిలవండి" అంది. అది నర్సు గొంతు. చాలా ఏళ్ళకి విన్నాను.

ఆయన బతికారు. మర్నాడు పొద్దున రేవులో స్ట్రెచర్ మీద దింపి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంకో అరగంట గడిస్తే కష్టమయ్యేదని ఓడ డాక్టరు అక్కతో అన్నాడట. ఆ పూట ఓడలో ఎవరు ఎదురైనా నన్ను మెచ్చుకున్నారు. నేను మాత్రం మా గదిలోంచి బయటికి రావడానికే భయపడ్డాను.

తెనాలి వచ్చిన మొదటి శనివారమే బాపట్ల వెళ్ళాను. వరండాలో బల్ల మీద తెల్లదుప్పటి లేదు. బాబాయి మడతమంచంలో నిద్రపోతున్నాడు.

"ఈమధ్య సర్దడం మానేశాడమ్మా. ఒకరోజు సాయంత్రం చెంచాలన్నీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశాడు. ఇదేంటండీ అంటే, అందరూ లేచారు కదా అన్నాడు" అంది పిన్ని.

"ఏ రోజు పిన్నీ?"

"గుర్తులేదమ్మా. ఎండలు మండిపోతున్నాయి అప్పుడు."

జరిగిందంతా చెప్పాను. పిన్ని చేటలో బియ్యం వదిలేసి విన్నది. తర్వాత ఒక మాట చెప్పింది. పెళ్ళయిన కొత్తల్లో బాబాయి ఒకే ఒక్కసారి చెప్పాడట. ఆయన వడ్డించే బల్ల దగ్గరికి ఒక పెద్దాయన ఒకరోజు భోజనానికి రాలేదట. అప్పుడు బాబాయి కుర్రవాడు. పెద్దవాళ్ళని కదిలించకూడదని వడ్డన కానిచ్చేశాడు. తెల్లారి తలుపు తీస్తే ఆయన పోయి ఉన్నాడు.

"ఆయన కోటు గుండీ సంగతేమైనా చెప్పాడా?"

"గుండీయా? లేదమ్మా. ఇంకేం చెప్పలేదు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు."

బాబాయి లేచాక మంచం పక్కన కూర్చుని, "ఎల్లిస్ గారు బాగున్నారు బాబాయ్" అన్నాను. నా ముఖంలోకి చూశాడు. "ఎవరి తాలూకమ్మా?" అన్నాడు. పిన్నిని కాఫీ అడిగాడు. రెండేళ్ళ తర్వాత నిద్రలోనే పోయాడు.

మా ఆయన ఒక దారి చెప్పాడు. బాబాయి పాత ఓడ జ్ఞాపకాన్నే నాకు పాఠంగా చెప్పాడు, ముసలివాళ్ళ బల్లలన్నీ ఒకలాగే ఉంటాయి, మిగతాది కాకతాళీయం. నేనూ పిల్లలకి సంభావ్యత పాఠం చెప్పినదాన్నే. చెవుడు, గౌను రంగు, మీసాలు, రెండో సాయంత్రం, ఒక్కొక్కటే ఒప్పుకుంటూ వస్తాను. గుండీ దగ్గరికొచ్చేసరికి నా లెక్క ఆగిపోతుంది.

ఆ ఏడాది క్రిస్మస్‌కి అక్క ద్వారా ఎల్లిస్ గారి ఉత్తరం వచ్చింది. చేతిరాత కొంచెం వణికింది గానీ చక్కగానే ఉంది. కృతజ్ఞతలు చెప్పి, చివర్లో ఇలా రాశారు. "గుండెలో నొప్పిగా ఉందని ఆ మధ్యాహ్నం నేను మీతో అన్నానని డాక్టరు చెప్పాడు. నేను ఎంత ఆలోచించినా అలా అన్నట్టు జ్ఞాపకం రావడం లేదు. నిజానికి ఆ మధ్యాహ్నం నాకు ఏ నొప్పీ లేదు. కోటు తొడుక్కునేదాకా చాలా బాగున్నాను. మీకెలా తెలిసింది?"

జవాబు రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ఆయన పేరు రాసి, కింద ఒక గీత వదిలి, అక్కడితో ఆగిపోయేదాన్ని. చివరికి శుభాకాంక్షల కార్డు మాత్రం పంపాను. ఆయన మళ్ళీ అడగలేదు.