రోబో బంద్ పాటించిన రోజు

ఆ రోజుల్లో హైదరాబాదులో ఏ పని తలపెట్టినా పంచాంగం కాదు, రేపు బంద్ ఉందో లేదో చూసుకోవాల్సి వచ్చేది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న కాలం. నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, మకాం నిజాంపేట హాస్టల్లో. కడపలో చీనీకాయల (బత్తాయిల) మండీలో మా నాన్న పక్కన కూర్చుని నోటిలెక్కలు నేర్చుకున్నవాణ్ణి. అందుకని లోకంలో దేన్నయినా ముందే లెక్క కట్టేయవచ్చని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఇప్పుడు జుట్టుతోపాటే పలచబడింది.)

ముగ్గురేసి జట్టుగా ఒక రోబో చేయమన్నారు. తెల్ల అట్ట మీద అంటించిన నల్ల టేపు వెంట అది తనంతట తాను నడవాలి. నడవకపోతే వచ్చే ఏడు జూనియర్ల పక్కన కూర్చుని మళ్ళీ మొదటినుంచి చేయాలి. నా జట్టులో ఒకడు లింగంపల్లివాడు, వాణ్ణి పిలిచే పేరూ అదే. ఇంకొకరు భీమవరం అమ్మాయి, అందుకని ఆమె గోదావరి. ఎవరు ఏ మర బిగించాలో, ఏ తీగ అతకాలో నేనే పంచి ఇచ్చాను. లింగంపల్లి వినేవాడు కాదు. గోదావరి "అలాగేనండి" అని తనకు తోచింది చేసేది.

బంద్‌ల వల్ల రెండుసార్లు వాయిదా పడ్డాక మా సారు విసిగిపోయి, "బంద్ అయినా సరే, శుక్రవారం తెచ్చి చూపించండి" అన్నారు. శుక్రవారం బందే. బస్సుల్లేక, రోబోను అట్టపెట్టెలో పెట్టుకుని ముగ్గురం నడిచి పోతుంటే దారిలో వంటావార్పు: రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, వాటి మీద అన్నం గుండిగలు, చుట్టూ ముగ్గులు. కండువా వేసుకున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఆపాడు.

"ఏందిర గది? వైర్లు గిట్ల వేలాడుతున్నయ్?"

నోరు తెరిస్తే కడప బయటపడుతుందని నేను మూసుకున్నాను. "రోబో పెద్దనాయనా, కాలేజీల చూపెట్టాలె" అంటూ లింగంపల్లి దాన్ని రోడ్డు మీద పెట్టి మీట నొక్కాడు. కదల్లేదు. ఎలా కదులుతుంది? తెలుపు కనిపిస్తే చక్రం తిరగాలి, నలుపు కనిపిస్తే ఆగాలి. తారురోడ్డంతా నలుపే.

పెద్దాయన పగలబడి నవ్వాడు. "చూడున్రి, గిది గూడ బంద్ చేస్తున్నది! మనదే, పోనియ్యున్రి."

దారి వదిలారు. వెళ్ళిపోతే సరిపోయేది. లింగంపల్లికి రోషం వచ్చింది. "లేదు పెద్దనాయనా, మస్తు ఉరుకుతది, జర ఆగు!"

"పోదాం రా నాయనా, సారు కాచుకోనుండాడు" అన్నాను చెవిలో.

"నువ్వు ఊకో లెక్కలోడా. ఇజ్జత్ కా సవాల్."

రెండు తీగలు విప్పి అటుదిటు బిగించాడు. ఇక నలుపు మీద నడుస్తుంది, తెలుపు మీద ఆగుతుంది. గోదావరి ఒక అక్క దగ్గర ముగ్గుపిండి తెచ్చి రోడ్డు మీద గీత పోసింది. ఎండలో రోబో కళ్ళకు గీత సరిగా ఆనదని అన్నాను (ఎందుకన్నానో!). వెంటనే ఆ అక్క గొడుగు పట్టింది. గొడుగు కింద పెళ్ళికొడుకులా మా రోబో అన్నం గుండిగ దాకా నడిచింది. ఈలలు, చప్పట్లు. "తినకుండ ఎట్ల పోతరు బిడ్డా?" అని మాకు విస్తళ్ళు వేశారు. నేను గడియారం చూస్తూ పప్పన్నం మింగాను.

కాలేజీలో సారు తెల్ల అట్ట పరిచి సిద్ధంగా ఉన్నారు. మీట నొక్కాం. కదల్లేదు. బ్యాటరీ అయిపోయిందని వెంటనే తేల్చేశాను. నడిచిన దూరం, మోటార్లు తాగే కరెంటు, అన్నీ నోటితోనే గుణించి భాగించి నిరూపించాను. సారు ఓపికగా విని, మీటరు తెచ్చి బ్యాటరీకి పెట్టారు.

"లెక్క చాలా బాగుందయ్యా. బ్యాటరీ కూడా చాలా బాగుంది." తర్వాత చక్రాన్ని వేలితో తుడిచి చూసుకుని, "ఈ పిండేమిటమ్మా?" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చాయి తీగలు.

"నువ్వు మార్చినవనుకున్న" అన్నాడు లింగంపల్లి నాతో.

"విప్పినోడివి నువ్వు గదరా!"

"అన్నం దగ్గర మీరిద్దరూ గుసగుసలాడుతుంటే, తీగలు మార్చే పనే అనుకున్నానండి" అంది గోదావరి.

ప్రతి మరకూ ఒక మనిషిని పెట్టిన నా పంపకంలో, విప్పినదాన్ని తిరిగి బిగించే మనిషి లేడు. సారు తల పట్టుకుని, "ముందు మార్చి ఏడవండి" అన్నారు. మార్చాం. బుద్ధిగా టేపు వెంట చుట్టి వచ్చింది. "రోబో పాసయింది. జట్టుకు వేయాల్సిన మార్కులు మాత్రం నా దగ్గరే ఉంచుకుంటున్నా" అని, గట్టెక్కేటన్ని వేసి పంపారు.

ఇప్పుడు నానక్‌రామ్‌గూడ ఆఫీసులో కుర్రాళ్ళు "అది వాళ్ళు చేశారనుకున్నా సార్" అన్నప్పుడల్లా కోపం తెచ్చుకోబోతాను. విస్తళ్ళ ముందు మేం ముగ్గురం కనిపిస్తాం, ఇక కోపం రాదు. సాయంత్రం ఇంటికి పోతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, నల్లటి రోడ్డు మధ్యన తెల్లగీత తిన్నగా సాగిపోతుంటుంది. ఆ రోజు రోబోను ఇలాంటి గీత మీద వదిలేసి ఉంటే, బ్యాటరీ ఎంత దూరం వచ్చేదా అని లెక్క కడతాను. ఎన్నిసార్లు కట్టినా, కాలేజీ గేటు దాకా సరిపోతుంది.