కెమెరా స్తంభమెక్కే యేసేపు

నగరంలో తెరలు చూసి విమానాలు దింపేవారికి చల్లని గదులున్నాయి. వారి కెమెరా అద్దాలు తుడిచే మనిషికి నడుముకు పడకుండా ఆపే బెల్టు లేదు. ఆదోని శివారు విమానాశ్రయంలో కంట్రోలు టవరుకు బదులు, నగరంలోని ఆ తెరలకు దృశ్యాలు పంపే కెమెరాల స్తంభం నాటి, మనిషెక్కే పనే లేదంటూ మెట్లు పెట్టడం మానేశారు. చుట్టుపక్కల పత్తి జిన్నింగు మిల్లుల దూది ఎగిరొచ్చి అద్దాలకు అంటుకుంటుందని ఆ మేధావులకు తోచలేదు. అందుకే, ఒకప్పుడు మిల్లులో పత్తి బేళ్లు పేర్చిన యేసేపు రోజూ పంచె ఎగగట్టి, వట్టి కాళ్లతో ఆ స్తంభపు ఇనుప కమ్మీలు పట్టుకుని పైకి పాకుతాడు. నిన్న తుడుస్తుండగా స్తంభంపైని స్పీకరు పలికింది: "నీ మొహం అడ్డమొస్తోంది, పక్కకు జరుగు."

"యాడికి జరిగేదప్పా? జరిగితే కింద పడతా."

స్పీకరులో అవతలివాళ్ల నవ్వులు. యేసేపు నవ్వలేదు, పట్టు బిగించాడు.

అయ్యలారా, ఆ కెమెరాను ఒక్కసారి కిందికి తిప్పి అతని కాళ్ల కింద ఏముందో చూడండి. మెట్లూ బెల్టూ పెట్టించేదాకా అతణ్ని ఎక్కమనకండి.