ఒంటిచేతి స్వెట్టర్

నా చిన్నప్పుడు తిరుపతిలో మేమున్న ఇంటికీ పక్కింటికీ మధ్య ఒక్కటే గోడ. అటువైపు కుక్కర్ విజిల్ వేస్తే ఇటువైపు మా అవ్వ లేచి మా స్టవ్ కట్టేసేది. ఆ పక్కింటి అక్కది నగరి. పుట్టిందీ పెరిగిందీ మగ్గాల ఇంట్లో. పెళ్ళయి తిరుపతికి వచ్చాక మగ్గం లేదు, కానీ చేతులు ఊరుకునేవి కావు. ఊలు ఉండ ఒళ్ళో పెట్టుకుని, రెండు సూదులతో ఎప్పుడూ ఏదో ఒకటి అల్లుతూనే ఉండేది. ఈ ఎండల ఊళ్ళో ఊలు బట్టలు ఎవరికని వీధి వీధంతా నవ్వేది. అక్క భర్త కొండ మీదికి జీపు తోలేవాడు. తెల్లవారుజామున ఘాట్ రోడ్డులో చలి ఎట్లుంటుందో ఆయన్ను అడగండి అని అక్క కూడా వాళ్ళతో కలిసి నవ్వేది.

ఒకటి మొదలుపెట్టి, అది ముగించి, రెండోదానికి పోయే మనిషి కాదామె. మా తమ్ముడు పుట్టిన ఏడాది ఆమె బుట్టలో ఒకేసారి ఎన్నో పనులు సగంసగంగా ఉండేవి. భర్తకు మఫ్లర్, ఇంటి ఓనరమ్మ అడిగిన టీవీ కవర్, మళ్ళీ భర్తకే ఒక చేతుల్లేని స్వెట్టర్. ఆ స్వెట్టర్ మెడ దగ్గర ఎన్నిసార్లు విప్పి అల్లిందో లెక్కలేదు. కొలత చూసుకుంటాను నిలబడమంటే, జీపులో జనం ఎక్కేశారని ఆయన పరుగు. "నీ మెడ నాకంటే ఆ స్టీరింగుకే బాగా తెలుసులేప్పా" అని అక్క వెనకనుంచి అనేది. పప్పు ఉడికేలోపు ఒక వరస, బట్టలు నానేలోపు ఇంకో వరస, కొళాయికి నీళ్ళు వచ్చేదాకా మరికొంత. ఆమె ఇల్లు అట్లా నడిచేది. అంతకుముందు చలికాలం మేం కొండకు నడిచి పోతున్నామని నాకొక ఆకుపచ్చ స్వెట్టర్ అల్లిచ్చింది. నేను దాన్ని ఎండాకాలంలో కూడా స్కూలు నుంచి రాగానే తొడుక్కుని, ఫ్యాను కింద కూర్చునేదాన్ని.

మా అమ్మ కడుపుతో ఉన్నప్పుడు అక్క ఎవరినీ అడగకుండా ఒక చిన్న పసుపుపచ్చ టోపీ అల్లి తీసుకొచ్చింది. మా అవ్వ దాన్ని ముట్టుకోలేదు. బిడ్డ పుట్టకముందే బట్టలు తెచ్చి పెట్టుకోకూడదనీ, పుట్టాక కూడా పురిటి స్నానం అయ్యేదాకా ఒంటి మీద కొత్త నూలు పడకూడదనీ, అందాక పాత గుడ్డలేననీ చెప్పింది. మా వైపు అందరిళ్ళలోనూ ఆ పద్ధతే. అక్క టోపీని తిరిగి బుట్టలో వేసుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అప్పటికే మా వీధిలో నా కోపానికి పేరుండేది.

తమ్ముడు నెలలు నిండకుండా పుట్టాడు. అమ్మ ఆసుపత్రిలో, వాడు గాజు బాక్సులో, నాయన రెండింటి మధ్య. ఇంట్లో నేనూ అవ్వా. అవ్వ దగ్గర ఒక బటన్ల ఫోన్ ఉండేది. అది మోగితే తీయడానికి భయం, మోగకపోతే ఇంకా భయం. దాన్ని దేవుడి పటాల కింద పెట్టి దూరంగా కూర్చునేది.

మరుసటి రోజు పొద్దున నాయన ఫోన్ చేశాడు. బిడ్డను బాక్సులోంచి తీసి అమ్మ గుండెల మీద పడుకోబెడతారట. తల్లి ఒంటి వెచ్చదనం వాడికి అందాలట. కానీ తలకు వెచ్చగా ఊలు టోపీ ఉంటేనే బయటికి తీస్తామన్నారట. బయట కొన్న టోపీ ముక్కుదాకా జారిపోయింది. తల ఎంత ఉందని అవ్వ అడిగితే, పెద్ద బత్తాయి కంటే కొంచెం పెద్దది అన్నాడు నాయన. మధ్యాహ్నానికి వస్తాననీ, పక్కింటామెను అడిగి ఉంచమనీ చెప్పి పెట్టేశాడు.

నేను అడగాల్సిన పనే పడలేదు. గోడ అవతల అంతా వినబడుతుంది కదా. ఫోన్ పెట్టేలోపే అక్క ఆ పసుపుపచ్చ టోపీతో మా గడపలోకి వచ్చింది. అవ్వ లేచి గడపకు అడ్డంగా నిలబడింది.

"వద్దమ్మా. నీకు దండం పెడతాను. కొత్తది వాడి నెత్తిన పెట్టొద్దు."

నేను అరిచాను. ఏమన్నానో అన్నీ గుర్తులేవు. వాడికి చలేస్తుంటే నీకు పద్ధతులు కావాల్సొచ్చాయా అన్నాను. అవ్వ నావైపు కూడా చూడలేదు. తలుపు రెక్కను అట్లాగే పట్టుకుని ఉంది. నేను పోయి అక్క చెవిలో చెప్పాను, టోపీ నాకివ్వు, అవ్వకు తెలియకుండా నాయన సంచిలో వేసేస్తానని. అక్క నన్ను పక్కకు లాక్కుపోయింది. అట్లా పోతే బిడ్డకు వెచ్చగానే ఉంటుంది, కానీ రేపు వాడికి తుమ్మొచ్చినా మీ అవ్వ ఆ టోపీనే తలుచుకుని చస్తుంది, ఆమెను కూడా బతకనీయాల కదా అంది. నాకు అర్థం కాలేదు. టైం పోతోంది అన్నదొక్కటే నా తలలో.

అక్క తిరిగి అవ్వ దగ్గరికి పోయి చాలా మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, కొత్తది వద్దంటావు. పాతదైతే?"

"పాతదైతే తప్పేముండాది. మా పిల్లోళ్ళనంతా పాత పంచె గుడ్డల్లోనే కదా చుట్టినాము. పాత టోపీ అంత చిన్నది యాడ దొరకతాది?"

అక్క నావైపు చూసింది. నేనప్పుడు ఆ ఆకుపచ్చ స్వెట్టర్‌లోనే ఉన్నాను.

"సూడు పాపా, అది నీ బట్ట. నువ్వు ఇస్తానంటేనే. ఒక చెయ్యి సాలు నాకు."

నేను స్వెట్టర్ అంచును రెండు చేతులా పట్టుకున్నాను. ఆ స్వెట్టర్ ఎంత ఇష్టమో అక్కకు తెలుసు, అందుకే తొందరపెట్టలేదు. అవ్వ కూడా నన్నే చూస్తోంది. పొద్దుట్నుంచీ నా మాట ఎవరికీ పట్టనట్టు ఉన్న ఇంట్లో, ఒక్కసారిగా అంతా నా మీదికి వచ్చి ఆగింది. తలమీదుగా స్వెట్టర్ లాగి అక్క చేతిలో పెట్టాను. ఏడుపు వచ్చింది కానీ ఏడవలేదు.

భుజం దగ్గర కుట్టు విప్పి, చివరి ముడి వెతికి, అక్క కొస పట్టుకుని లాగింది. చెయ్యి కళ్ళముందే వరస వరసగా కరిగిపోయింది. మగ్గం మీద నేసిన గుడ్డ ఇట్లా రాదనీ, దానికి కత్తెర పెట్టాల్సిందేననీ, సూదులతో అల్లింది మాత్రం కొస దొరికితే ఒకే దారంగా వెనక్కి వస్తుందనీ చెప్తూనే ఉంది, చేతులు ఆపకుండా. వచ్చిన ఊలు నూడుల్స్ మాదిరి వంకర్లు తిరిగి ఉంది. అవ్వను ఎదురుగా కూర్చోబెట్టి రెండు చేతులూ చాపమని, ఆ ఊలును వాటికి చుట్టింది. అట్లాగే వేడినీళ్ళ ఆవిరి మీద పట్టించింది. వంకర్లు కొంచెం సాగాక దాన్ని ఉండలా చుట్టుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడే అవ్వ మాట్లాడింది. ఎవరూ అడగలేదు.

"మీ నాయనకంటే ముందర ఒకడు పుట్టినాడు. కడుపులో ఉన్నప్పుడే చొక్కా కుట్టి పెట్టుకున్నాను. ఎర్రది. అది తొడిగే పని పడలేదు."

అంతే చెప్పింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుందామంటే చేతులు రెండూ ఊలులో ఉన్నాయి. అక్క చుట్టడం ఆపలేదు, ఆపితే దారం చిక్కుపడుతుంది. నేనే పోయి అవ్వ పైటకొంగుతో ఆమె మొహం తుడిచాను.

అక్క అల్లడం మొదలుపెట్టింది. అంత వేగంగా అల్లడం నేనెప్పుడూ చూడలేదు. పక్కన ఒక చిన్న చెంబు పెట్టుకుంది, తల కొలతకు. కాస్త అల్లి చెంబుకు తొడిగి చూడటం, మళ్ళీ అల్లడం. ఆమె ఇంట్లో అన్నం మాడిన వాసన వచ్చింది. పోయి స్టవ్ కట్టేయమని నన్ను పంపింది, తను లేవలేదు.

నేను తిరిగి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. అవ్వ గోడకు ఆనుకుని దాన్నే చూస్తోంది. అక్క రెండు చేతులూ సూదుల మీద ఉన్నాయి. తీసేదాన్ని నేనొక్కదాన్నే. పచ్చ బటన్ నొక్కి చెవికి పెట్టుకున్నాను. అవతల నాయన ఊపిరి వినబడుతోంది, మాట లేదు.

"నాయనా, తమ్ముడు ఉండాడా?"

"ఉండాడమ్మీ. ఒళ్ళు సల్లబడతా ఉండాదంటారు. టోపీ అయ్యిందా?"

నేను అక్కవైపు చూశాను. ఆమె తలెత్తకుండానే, బయల్దేరమను అంది.

నాయన వచ్చి కింద హారన్ కొట్టేటప్పటికి టోపీ నడినెత్తి దగ్గర ఇంకా తెరిచే ఉంది. మెట్లెక్కి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుని ఉంది. సూదులు ఒకదానికొకటి తగిలే చప్పుడు మాత్రమే. చివరికి అక్క మిగిలిన కుట్లన్నిట్లోంచి కొస దూర్చి లాగి బిగించింది. సలసలా కాగే నీళ్ళలో ముంచి, పిండి, అవ్వ పాత చీర మడతల మధ్య పెట్టి ఇస్త్రీ పెట్టెతో తడి ఆరేదాకా వత్తింది. అప్పుడు దాన్ని నాయనకు ఇవ్వలేదు. అవ్వ చేతిలో పెట్టింది.

అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నా స్వెట్టర్ రంగును గుర్తుపట్టినట్టు వేలితో రాసింది. ఆమే నాయనకు ఇచ్చింది. "వాడి అక్క బట్టే, పాతదే, పెట్టమను" అంది.

తమ్ముడు బతికాడు. ఆ సాయంత్రానికే ఒంట్లో వేడి నిలిచిందని నాయన ఫోన్ చేస్తే ఈసారి అవ్వే తీసింది. ఆ తలకు ఇప్పుడు దువ్వెన పెట్టాలంటే అరగంట అద్దం ముందు నిలబడాలి, బాత్రూం కోసం నేను బయట తిట్టుకుంటూ ఉండాలి. స్వెట్టర్‌ను నేను ఇంకో ఏడాది ఒక్క చేత్తోనే తొడుక్కున్నాను. కొత్త చెయ్యి అల్లి ఇస్తానని అక్క అంటే వద్దన్నాను.

తర్వాత అక్క దగ్గరే నేనూ అల్లిక నేర్చుకున్నాను. ఇప్పుడు నా సూదుల మీద రెండు మూడు పనులున్నాయి. అన్నీ సగంలోనే. కోపం మాత్రం ఎక్కడా సగంలో ఆగదు. ఎదుటివాళ్ళ మెసేజ్ పూర్తిగా చదవకముందే నా జవాబు పోయి ఉంటుంది.

మొన్న నా స్నేహితురాలికి ఏడో నెల వచ్చిందని ఒక దుప్పటి మొదలుపెట్టి ఫోటో పంపాను. కాసేపటికి వాళ్ళత్తగారి నంబరు నుంచి మెసేజ్, ఇప్పుడే ఇవన్నీ ఎందుకమ్మా, వద్దు అని. ఈ కాలంలో కూడా ఇవేం నమ్మకాలండీ అని పెద్దదే టైపు చేశాను. బొటనవేలు పంపే గుర్తు మీదికి పోయింది. ఆగింది. అంతా చెరిపేసి, ఆంటీ, మీకేమైనా భయంగా ఉందా అని మాత్రం అడిగాను. చాలాసేపటికి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మొదట్లో కాసేపు ఏమీ లేదు, ఊపిరి మాత్రమే. తర్వాత ఆమె చెప్పింది నేను ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

ఎవరైనా నాకు వద్దు అని చెప్తే ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది. కానీ ఆ వద్దు వెనక పేరు పెట్టని బిడ్డ ఎవరైనా ఉన్నారేమోనని ఒక్క క్షణం చూస్తాను. ఆ రోజు మా ఇంట్లో నాకు దొరికింది ఆ ఒక్క క్షణమే.