కిటికీ పక్క సీటు

రిటైరైన లెక్కల మాస్టారు యాత్రా బస్సులో నలుగురితో పోట్లాడి మరీ కిటికీ పక్క సీటు పట్టారు. శివాలయం దగ్గర భార్యతో సహా అందరూ దిగారు. తువ్వాలు వేసి వెళ్తే ఎవడైనా తీసేసి కూర్చుంటాడని ఆయన మాత్రం కదల్లేదు. ఆశే దుఃఖానికి మూలమన్న బుద్ధుడి స్తూపం దగ్గరా అదే వరస. ఒంటిమీది బట్టలు కూడా వదిలేసిన జైన తీర్థంకరుడి కొండ దగ్గరైతే సీటు మీద ఏకంగా కాళ్లు చాపుకున్నారు.

ఇంటికొచ్చి ఫ్యాను కింద కుర్చీలో చతికిలబడి, "దేనిమీదా మమకారం ఉండకూడదమ్మా" అని కోడలికి బోధ మొదలుపెట్టారు.

మూడు చోట్లా మెట్లెక్కి దిగిన భార్య కుంటుకుంటూ వచ్చింది. "కాస్త లేవండి, కాళ్లు పీకుతున్నాయి."

"నేను ముందొచ్చి కూర్చున్నాను" అన్నారు మాస్టారు.